మెల్లగా వెళ్ళేవాడికే దెబ్బ

పేపర్లో దాన్ని 'వేగ నిరోధకం' అని రాస్తారు. ఆ మాట నోటితో అన్న మనిషిని మాత్రం నేను ఇంతవరకూ చూడలేదు. మా ఊళ్ళో ఒకటో క్లాసు పిల్లల దగ్గర్నుంచి మా నాయనమ్మ దాకా అందరూ స్పీడ్ బ్రేకర్ అనే అంటారు. మా నాయనమ్మకి వచ్చిన ఇంగ్లీషు మాటలు ఓ ఇరవై ఉంటే అందులో ఇదొకటి. మిగిలినవి ఎక్కువగా మందుల పేర్లు. ఈ రెండింటికీ సంబంధం ఉంది, తర్వాత చెప్తాను.

కంకిపాడు నుంచి గుడివాడ వెళ్ళే రోడ్డు మీద ఒక చిన్న ఊరు మాది. రోజూ కాలేజీ బస్సులోనే రావడం, పోవడం. ఇంటి నుంచి కాలేజీ గేటు దాకా పద్నాలుగు స్పీడ్ బ్రేకర్లు. చివరి సీటు వాళ్ళని ఎవర్ని అడిగినా ఇలాంటి లెక్క తడుముకోకుండా చెప్తారు. ఆ సీటు వెనక చక్రాల అవతలికి పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి, డ్రైవర్ అన్నకి చిన్న కుదుపు అయినది మాకు టేకాఫ్ అవుతుంది. చేతిలో టిఫిన్ బాక్సు ఉంటే మూత ముందే పెట్టుకోవాలి.

ఈ సంచికకి ఫ్రెండ్స్ అందరూ అమ్మ మీద, కృష్ణమ్మ మీద, ఫస్ట్ ఇయర్ జ్ఞాపకాల మీద రాస్తున్నారు. నేను స్పీడ్ బ్రేకర్ మీద రాస్తానంటే నవ్వారు. కానీ పోయిన రెండేళ్ళలో మా ఊళ్ళో ఎన్నికల కన్నా ఎక్కువ గొడవ జరిగింది దీని మీదే. ఒక పిల్లాడి కాలు, ఒకావిడ ప్రాణం ఇందులో ఉన్నాయి. అందుకే రాస్తున్నాను.

ముందు మా డెల్టా ఊళ్ళు ఎలా ఉంటాయో తెలియాలి. కాలవ, కాలవ గట్టు, గట్టు పక్కన రోడ్డు, రోడ్డుకి రెండు వైపులా ఇళ్ళు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ, వాటి పిల్ల కాలవలు ఎటు వెళ్తే ఊళ్ళూ అటే సాగాయి. 1957లో ఆ ఆనకట్ట పని ప్రకాశం బ్యారేజీకి వచ్చింది కానీ ఊళ్ళ వరస మాత్రం మారలేదు. చాలా చోట్ల ఊరికి వేరే మెయిన్ వీధి అంటూ ఉండదు, రోడ్డే వీధి. బడి ఇటుంటే ఇళ్ళు అటు, పాల కేంద్రం ఇటుంటే గేదెలు అటు. కోతలప్పుడు ధాన్యం ఆరబోసేది కూడా రోడ్డు మీదే. ఎవరూ తొక్కకుండా చుట్టూ రాళ్ళు పేరుస్తారు, దాంతో సగం రోడ్డు వడ్లకి, సగం బండ్లకి.

పైగా కింద నల్లరేగడి నేల. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంగి పగులుతుంది. ఎంత బాగా వేసిన రోడ్డైనా నాలుగేళ్ళకి అలలు తిరిగిపోతుంది. నా స్కూలు రోజులంతా మా రోడ్డు అలాగే ఉండేది. వచ్చిన ప్రతి నాయకుణ్ణీ మా వాళ్ళు రోడ్డే అడిగేవాళ్ళు. చివరికి రోడ్డు పడింది. నల్లగా, నున్నగా, మధ్యలో తెల్ల గీతతో. మొదటి వారం జనం సాయంత్రాలు దాని మీద వాకింగ్ చేశారు.

అప్పటిదాకా గుంతలే మమ్మల్ని కాపాడాయని మాకు తెలియదు. గుంతలు పోయాక ముప్ఫైలో వచ్చే కార్లు ఎనభైలో రావడం మొదలుపెట్టాయి. రెండు నెలలు తిరక్కుండా, ఐదో తరగతి అబ్బాయి బడి నుంచి ఇంటికి రోడ్డు దాటుతుంటే కారు గుద్దేసింది. కారు ఆగలేదు. పిల్లాడు బతికాడు. కాలికి రెండు ఆపరేషన్లు అయ్యాయి. ఇప్పటికీ కుడి కాలు కొంచెం ఈడుస్తూ నడుస్తాడు. క్రికెట్లో వాడికి ఇప్పుడు పర్మనెంట్‌గా అంపైర్ పోస్టు.

ఆ వారమే పక్క ఊళ్ళో రోడ్డు అతుకుల పని జరుగుతోంది. మా వాళ్ళు మేస్త్రీని బతిమాలి, మిగిలిన తారు కంకర ట్రాక్టర్లో తెచ్చి, రాత్రికి రాత్రి బడి ముందు స్పీడ్ బ్రేకర్ పోసేశారు. ఇంజనీరు లేడు, కొలత లేదు. "ఎంత ఎత్తు పొయ్యాలి?" అని ఎవరో అడిగితే, "కారు ఆగేంత" అన్నారట. పొద్దున్నే ఆ అబ్బాయి వాళ్ళమ్మ వచ్చి దాని మీద పసుపు కుంకుమ చల్లింది. ఇది నేను కళ్ళారా చూశాను.

ఆ రోజు ఊరంతా గెలిచినట్టే ఉంది. ఆ తర్వాత బిల్లు రావడం మొదలైంది.

మొదటి బిల్లు మా బాబాయ్‌కి వచ్చింది. బాబాయ్ కంకిపాడుకి షేర్ ఆటో నడుపుతాడు. ఆటో చక్రాలు చిన్నవి, స్ప్రింగులు గట్టివి, పైగా లోపల ఎప్పుడూ ఎనిమిది మంది. రోజుకి పది పన్నెండు సార్లు ఆ బ్రేకర్ ఎక్కి దిగాలి. మూడు నెలల్లో వెనక షాక్ అబ్జార్బర్లు పోయాయి, తర్వాత సైలెన్సర్ క్లాంపు విరిగింది, తర్వాత నడుం నొప్పి మొదలైంది. "మెల్లగా వెళ్తే నడుం పోద్ది, స్పీడుగా వెళ్తే బండి పోద్ది. నడుం నాదే, బండీ నాదే" అంటాడు.

రెండో బిల్లు మా నాయనమ్మది. ఆవిడకి ఎముకలు గుల్లబారాయని డాక్టరు ఎప్పుడో చెప్పారు. ఒక రోజు గుడివాడలో చూపించుకుని వస్తుంటే బ్రేకర్ దగ్గర పడ్డ కుదుపుకి వెన్నులో కలుక్కుమంది. నెల రోజులు మంచం మీదే ఉంది. మందుల పేర్లు అప్పుడే నేర్చుకుంది.

మూడో బిల్లు మాత్రం మా ఊరివాళ్ళది కాదు. డిసెంబరులో, పొగమంచు దట్టంగా ఉన్న ఒక రాత్రి, వేరే ఊరి నుంచి భార్యాభర్తలు బండి మీద పెళ్ళికి వెళ్ళి వస్తున్నారు. బ్రేకర్ మీద రంగు లేదు, ముందు బోర్డు లేదు, లైటు లేదు. కొత్త తారు రోడ్డు మీద నల్ల తారు దిబ్బ. బస్సు చివరి సీటుకి జరిగేదే బండి మీద వెనక కూర్చున్నవాళ్ళకీ జరుగుతుంది. ముందు చక్రం ఎక్కి దిగాక వెనక చక్రం తన్నే తన్ను నేరుగా వాళ్ళకే తగులుతుంది. ఆవిడ ఒక పక్కకి కూర్చుంది. పడిపోయింది. మూడో రోజు ఆసుపత్రిలో చనిపోయింది.

ఆ తర్వాత రామాలయం దగ్గర మీటింగ్ పెట్టారు. సగం మంది తీసేద్దామన్నారు, పాపం తగులుతుందన్నారు. మిగతా సగం మంది ఉంచాలన్నారు. ఆ అబ్బాయి వాళ్ళమ్మ అప్పటిదాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. చివర్లో లేచి, "తీసెయ్యండి. రేపట్నుంచి బడి వదిలే టైముకి అక్కడ నేను అడ్డంగా పడుకుంటా" అంది. మీటింగ్ అక్కడితో అయిపోయింది.

బ్రిటన్లో స్పీడ్ బ్రేకర్‌ని వాడుకలో 'స్లీపింగ్ పోలీస్‌మన్' అంటారని నాకు తర్వాత తెలిసింది. నిద్రపోతున్న పోలీసు. చదవగానే నాకు ఆవిడే గుర్తొచ్చింది. పోలీసు లేనిచోట ఎవరో ఒకరు పడుకోవాలి.

నాకు ఇద్దరి బాధా నిజమే అనిపించింది. తీసేస్తే ఇంకో పిల్లాడు, ఉంచితే ఇంకో ఆవిడ. ఇంగ్లీషు మీడియంలో పన్నెండేళ్ళు చదివి, కంప్యూటర్ సైన్స్ సెకండ్ ఇయర్‌కి వచ్చి, ఊళ్ళో ఇంత గొడవ జరుగుతుంటే ఊరికే వినడం బాలేదు. ఒక ఆదివారం పొద్దున్న ఫ్రెండ్‌ని వెంటబెట్టుకుని టేపు పట్టుకెళ్ళి కొలిచాను. రోడ్డు పొడవు దిశలో దాని అడుగు 80 సెంటీమీటర్లు, నడిమధ్య ఎత్తు 14 సెంటీమీటర్లు. చిన్న కార్లకి కింద ఖాళీ ఉండేదే సుమారు 16, 17 సెంటీమీటర్లు. ఐదుగురు ఎక్కితే అది ఇంకా తగ్గుతుంది. చాంబర్ తగలకుండా ఎలా ఉంటుంది?

తర్వాత అసలు ఎంత ఉండాలి అని వెతికాను. మన దేశంలో దీనికి రూలు ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే ఐఆర్‌సీ 99 అనే గైడ్‌లైన్స్ ఇచ్చింది, 2018లో మళ్ళీ సవరించింది. 1988 దాని ప్రకారం గంటకి 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటే స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థం ఉన్న వృత్తంలో ఒక ముక్క. ఇంటర్ లెక్కలతో సరిచూశాను. జ్యా 3.7, ఎత్తు 0.1 పెడితే వ్యాసార్థం 17.16 వచ్చింది, సరిపోయింది. బస్సులు, లారీలు ఎక్కువ తిరిగే చోట రెండు వైపులా ఒకటిన్నర మీటరు వాలు కలపమని కూడా ఉంది. నలుపు తెలుపు చారలు వేయాలి, 40 మీటర్ల ముందు బోర్డు పెట్టాలి.

అంటే మాది ఉండాల్సిన దానికన్నా నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తు, అంతే. కానీ పొడవులో నాలుగో వంతు కూడా లేదు. అసలు తేడా అక్కడుంది. మాది 40 సెంటీమీటర్లలో 14 సెంటీమీటర్లు ఎక్కుతుంది. రూలులోది 185 సెంటీమీటర్లలో 10 ఎక్కుతుంది. మొదటిది గోడ, రెండోది గట్టు.

ఇప్పుడు కొంచెం ఫిజిక్స్, భయపడకండి. కారు బాడీ స్ప్రింగుల మీద కూర్చుని ఉంటుంది. దాన్ని నొక్కి వదిలితే సెకనుకి ఒకసారి, ఒకటిన్నర సార్లు ఊగుతుంది. అంతకన్నా చాలా త్వరగా చక్రం పైకెళ్ళి కిందకి వచ్చేస్తే, బాడీకి కదిలే టైమే దొరకదు. టైరూ స్ప్రింగూ ఆ దెబ్బని మింగేస్తాయి. మా ఊరి 80 సెంటీమీటర్ల దిబ్బ మీద నుంచి 60 కిలోమీటర్ల స్పీడులో చక్రం 0.05 సెకన్లలో దాటేస్తుంది. లోపల ఏసీలో కూర్చున్నవాళ్ళకి ఒక 'దబ్' వినిపిస్తుంది, అంతే. అదే 10లో వెళ్తే 0.29 సెకన్లు పడుతుంది. అప్పుడు బాడీ మొత్తం ఎక్కి, మొత్తం దిగుతుంది. అందులో ఉన్న నాయనమ్మ కూడా.

3.7 మీటర్ల గట్టు దీనికి సరిగ్గా తిరగేసి పనిచేస్తుంది. 25లో వెళ్తే అర సెకను పైన పడుతుంది, ఊయలలాగా ఎత్తి దించుతుంది. 60లో వెళ్తే 0.22 సెకన్లు, బాడీ తప్పించుకోలేదు, గట్టిగా ఎత్తి కొడుతుంది. ఎంత స్పీడు పెంచితే అంత దెబ్బ.

ఇది నా సొంత తెలివి కాదు. బ్రిటన్లో ప్రభుత్వ రోడ్డు పరిశోధన సంస్థలో వాట్స్ అనే ఆయన రకరకాల ఆకారాలు పరీక్షించి 1973లో రిపోర్టు ఇచ్చాడు. 12 అడుగుల పొడవు, 4 అంగుళాల ఎత్తు గుండ్రటి గట్టు ఆ పనిలోంచే వచ్చింది. మన 3.7 మీటర్లు, 10 సెంటీమీటర్లు దాదాపు అవే కొలతలు. అంతకన్నా ముందే, 1953లో, అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీ క్యాంపస్‌లో కార్లు మరీ దూకుడుగా వెళ్తున్నాయని స్పీడ్ బ్రేకర్ డిజైన్ చేసిన మనిషి ఎవరో తెలుసా? ఆర్థర్ కాంప్టన్. కాంప్టన్ ఎఫెక్ట్ కాంప్టనే, 1927లో నోబెల్ వచ్చినాయన. అంటే ఇది నోబెల్ వచ్చినాయన కూడా కూర్చుని ఆలోచించిన వస్తువు. మనం పారతో పోస్తున్నాం.

ఆ దిబ్బ మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇదే. ఎవరి కోసం పోశామో వాళ్ళని అది పట్టుకోవడం లేదు. పెద్ద పెద్ద కార్లు పొడవాటి సస్పెన్షన్‌తో, లావు టైర్లతో బ్రేకు కూడా వేయకుండా దూకేస్తున్నాయి. సాయంత్రం ఒక గంట బడి అరుగు మీద కూర్చుని చూస్తే మీకే తెలుస్తుంది. ఆగి, ఫస్ట్ గేరులో పడి, మూలుగుతూ ఎక్కేది షేర్ ఆటో, చెరుకు ట్రాక్టరు, గర్భిణిని ఆసుపత్రికి తీసుకెళ్ళే పాత కారు. చట్టం ప్రకారం నడిచేవాడికి శిక్ష, తప్పు చేసేవాడికి మాఫీ.

అలాగని స్పీడ్ బ్రేకరే వద్దు అనేవాళ్ళతో కూడా నేను ఒప్పుకోను. వాళ్ళు ఎప్పుడూ పెట్రోలు గురించి చెప్తారు, కాబట్టి అదీ లెక్కేశాను. వెయ్యి కిలోల కారు 60 నుంచి 20కి తగ్గి మళ్ళీ 60 అందుకోవాలంటే దాదాపు 123 కిలోజౌల్స్ కావాలి. పెట్రోల్లో ఉన్న శక్తిలో నాలుగో వంతే చక్రాలకి చేరుతుందనుకుంటే సుమారు 15 మిల్లీలీటర్లు. ఒక టేబుల్ స్పూన్. లీటరు 110 రూపాయలు అనుకున్నా రెండు రూపాయలు కాదు.

ఆ రెండు రూపాయలకి ఏమొస్తుందో కూడా చూడాలి. 60లో వెళ్ళే డ్రైవర్ పిల్లాణ్ణి చూసి బ్రేకు మీద కాలు పెట్టడానికి ఒక సెకను పడితే, ఆ సెకనులోనే కారు 16 మీటర్లు దాటి వచ్చేస్తుంది. బ్రేకు గట్టిగా పట్టినా ఆగడానికి ఇంకో 20 మీటర్లు. అదే 30లో అయితే రెండూ కలిపి 13, 14 మీటర్లు. గుద్దినా అందులో ఉండే శక్తి నాలుగో వంతే. మా బడి గేటు నుంచి అవతలి అంచుకి దూరం పది మీటర్లు కూడా లేదు. ఒక స్పూను పెట్రోలు ఒక పక్క, ఒక కాలు ఇంకో పక్క. ఇది బేరం ఆడే విషయం కాదు.

కాబట్టి గొడవ ఉంచడమా తీయడమా అని కాదు, ఆకారం గురించి. ఈ మాట ఊళ్ళో చెప్పడానికి నేను చాక్‌పీసుతో బడి గోడ మీద రెండు బొమ్మలూ అసలు సైజులో గీశాను. మా బాబాయ్ పొడవాటి బొమ్మని చేత్తో తడిమి, "ఇదైతే నా బండి పడవలాగా ఎక్కుద్దిరా" అన్నాడు. ఆ అబ్బాయి వాళ్ళమ్మ మాత్రం చాలాసేపు చూసింది. "ఇంత పల్చగా ఉంటే ఆగుతారా?" అంది. స్పీడు, టైము లెక్క మళ్ళీ మొదట్నుంచి చెప్పాను. సెకన్లలో అర్థం కాలేదు కానీ, "చిన్న మెట్టుని పరిగెత్తి దూకేస్తాం, పెద్ద గట్టుని దూకలేం కదత్తా" అంటే వెంటనే పట్టుకుంది. ఒప్పుకుంది. కానీ ఒక షరతు పెట్టింది: కొత్తది పోసిన రోజే పాతది తీయాలి, ఒక్క పూట కూడా ఖాళీగా ఉండకూడదు.

ఆ షరతుతో సహా అర్జీ రాశాం. తెలుగులో నేనే రాశాను, సర్పంచ్ గారు చదివి నా ఒత్తులు సరిచేశారు. కొలతలతో బొమ్మ, రూలు నంబరు, ఊరివాళ్ళ సంతకాలు, వేలిముద్రలు అన్నీ జత చేసి సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాం. మాది నేషనల్ హైవే కాదు, బడి ముందు రోడ్డు, కాబట్టి అడగడంలో తప్పు లేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 198ఏ అని ఒక సెక్షన్ ఉంది. రోడ్డు డిజైన్ ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా, బాధ్యత ఉన్న అధికారికి గానీ, కాంట్రాక్టరుకి గానీ, కన్సల్టెంటుకి గానీ లక్ష రూపాయల దాకా జరిమానా. రాత్రిపూట ట్రాక్టరేసుకొచ్చిన ఊరివాళ్ళ గురించి అందులో ఏమీ లేదు. ఆ డిసెంబరు రాత్రి చనిపోయినావిడ ఇంటివాళ్ళు ఎవరి దగ్గరికి వెళ్ళాలో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

అర్జీకి నంబరు వచ్చింది. పని ఇంకా రాలేదు. ఈలోపు ఊరికే కూర్చోకుండా, మేం నలుగురం కలిసి పాత దిబ్బకే తెల్ల చారలు వేశాం. సున్నం మొదటి వానకే పోయింది. రెండోసారి రోడ్డు పెయింటు కొని తెచ్చాం. ముందు రెండు వైపులా 40 అడుగులు కాదు, 40 మీటర్లు కొలిచి, కర్రలకి పాత సీడీలు కట్టాం. రాత్రి హెడ్‌లైటు పడితే మెరుస్తాయి. అందంగా లేవు కానీ కనిపిస్తున్నాయి.

మన బ్రాంచి వాళ్ళకి ఇందులో ఇంకో పని కూడా ఉంది. ప్రతి ఫోన్లో యాక్సిలరోమీటర్ ఉంటుంది, జీపీఎస్ ఉంటుంది. 2008లోనే బెంగళూరులో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్ళు 'నెరిసెల్' అనే ప్రాజెక్టులో ఈ రెండిటితో రోడ్డు మీద గుంతలు, ఎత్తులు ఎక్కడున్నాయో కనిపెట్టారు. అప్పటి ఫోన్లతో వాళ్ళు చేసింది మనం మన కాలేజీ బస్సుల్లో చేయలేమా? ఒక్కో రూట్లో ఒక్కో ఫోన్ పెడితే నెల రోజుల్లో ఉయ్యూరు, గన్నవరం, మైలవరం, గుడివాడ రోడ్లన్నీ మ్యాప్ మీదకి వస్తాయి. ఏ బ్రేకర్ గోడో, ఏది గట్టో రంగుల్లో కనిపిస్తుంది. మినీ ప్రాజెక్టుకి ఇదే పెడదామనుకుంటున్నాను. టీములో ఇంకా ఇద్దరికి చోటు ఉంది. చివరి సీటు వాళ్ళకి ప్రాధాన్యం.

అంతవరకూ ఆగక్కర్లేదు కూడా. సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఊరి స్పీడ్ బ్రేకర్‌ని ఒకసారి కొలవండి. పొడవు, ఎత్తు, రంగు ఉందా, ముందు బోర్డు ఉందా, అంతే. టేపు, ఇద్దరు మనుషులు, పది నిమిషాలు చాలు. ఒకరు కొలుస్తుంటే రెండోవాళ్ళు మాత్రం రోడ్డు వైపే చూస్తూ ఉండాలి. పెద్ద కార్లు మీ ఊళ్ళో కూడా ఆగవు.